డాక్టరుగారి వెనక చక్రం

దర్జీకి నలభై మూడేళ్లు. ఊళ్లో సగం మంది నడుము కొలతలు అతనికి కంఠతా వచ్చు. ఆ సగం మందిలో అతని ముఖం సరిగ్గా చూసినవాళ్లు నలుగురైదుగురికి మించి ఉండరు. కొలతలిచ్చే మనిషి అద్దంలో తన్ను తాను చూసుకుంటాడు గానీ, మోకాళ్ల దగ్గర టేపు పట్టుకుని కూర్చున్నవాణ్ణి ఎందుకు చూస్తాడు? దానికి దర్జీ బాధపడిందీ లేదు. నోట్లో నాలుక లేని మనిషని అతనికి పేరు. ఆర్నెల్లలో బొజ్జ పెంచుకున్న పెద్దమనిషి ఎవరైనా వచ్చి, "నువ్వే బిగుతుగా కుట్టి చచ్చావు" అని దబాయించినా, "సరేనండీ" అని కుట్లు విప్పి వదులు చేసి ఇచ్చేవాడు.

దుకాణంలో రెండు కుట్టుమిషన్లు, ఒక ఇస్త్రీ బల్ల, గోడ పొడుగునా చేతుల్లేని కోట్లు. వెనక గదిలో కాపురం. కాజాలు తియ్యడం, బొత్తాలు కుట్టడం, అంచులు మడవడం భార్య పని. వెక్కిరింత కూడా ఆవిడ శాఖే. ఆ శాఖకి మొగుడు చేతినిండా పని కల్పించేవాడు. ఊరందరి బట్టలూ చెప్పిన రోజుకి పూర్తిచేసే మనిషి, సొంతానికి మొదలుపెట్టిన పని ఒక్కటీ చివరంటా చేసిన పాపాన పోలేదు. పోస్టులో పాఠాలు తెప్పించుకుని చదివిన డిగ్రీ రెండో ఏడు దాటలేదు. ఈత నేర్చుకోవడం కాళ్లు ఆడించడం దాకా వచ్చి చేతుల దగ్గర ఆగింది. పడకగదిలో మూడు గోడలు నీలం. నాలుగోది ఆరేళ్లుగా ఆలోచిస్తోంది.

ఇలాంటి మనిషి దగ్గరికి మూడేళ్ల కిందట పళ్ల డాక్టరు వచ్చాడు. ఆయనకి అప్పుడే సైకిలు పిచ్చి పట్టింది. పళ్ల డాక్టరు కాబట్టి సొంతవైద్యం కుదర్లేదు. ఒంటికి అతుక్కునే చొక్కా కావాలి, వీపు మీద మూడు జేబులుండాలి, లాగుకి కూర్చునేచోట స్పాంజి వెయ్యాలి, రంగు ఆకుపచ్చై ఉండాలి. దర్జీ మూడు రకాల స్పాంజి తెచ్చి, కోసి, తనే మిషను ముందు పూటకొకటి వేసుకుని కూర్చుని చూసి, నాలుగోసారికి సరిగ్గా కుదిర్చాడు. డాక్టరుకి లాగు నచ్చింది. అంతకన్నా ఎక్కువగా, మిషను కింద ఆడుతున్న దర్జీ కాళ్లు నచ్చాయి.

"రోజుకి ఎన్ని గంటలు తొక్కుతావు?"

"పదండీ. పండగలప్పుడైతే పన్నెండు."

"అబ్బ! ఎక్కడికీ పోకుండానే! మా జట్టులోకొచ్చెయ్. నా పాత సైకిలు నీకిస్తా."

"సరేనండీ."

అలా జట్టు నలుగురైంది. డాక్టరు కెప్టెను. ఎందుకంటే జట్టు ఆయనదే. రెండోవాడు వ్యాయామశాల నడిపే కండలవీరుడు. మూడో మనిషి లెక్కల మాస్టారు. ఎత్తు, వాలు, గాలి, గుండె కొట్టుకోవడం అన్నీ కాయితం మీద వేసి, ఎక్కాల్సిన గుట్టని ఎక్కకముందే నిరూపించేసేవాడు. నాలుగోవాడు నీళ్లు మోసేవాడు. అది ఎవరో వేరే చెప్పక్కర్లేదు.

ఆదివారం తెల్లవారకముందే ఈ నలుగురూ బయలుదేరేవాళ్లు. ఊరు దాటి రోడ్డు చదునుగా సాగే చోట దర్జీకి ఏదో అయ్యేది. కింద చక్రాల చప్పుడు తప్ప ఇంకేమీ వినపడదు, ఎవరి నడుమూ కొలవక్కర్లేదు, ఎవరికీ జవాబు చెప్పక్కర్లేదు. ఇరవై ఏళ్లుగా తొక్కిన తొక్కుడికి కాళ్ల కిందనించి నేల వెనక్కి పోవడం అతనికి అదే మొదలు. ఈ సంగతి ఇంట్లో చెప్పలేదు. చెప్పడానికి మాటలు దొరకలేదు, దొరికినా ఆవిడ వాటికి బొత్తాలు కుట్టి తిరిగిచ్చేది.

ఈ ఏడు డాక్టరు కళ్లు ఐదు రోజుల పందెం మీద పడ్డాయి. రోజుకో ఊరినించి ఇంకో ఊరికి తొక్కాలి. ఐదు రోజుల సమయాలూ కలిపి, తక్కువ ఎవరిదైతే వాళ్లు గెలిచినట్టు. ఏ రోజుకారోజు గెలిచినవాడి సమయానికి నాలుగోవంతు కలిపి గడువు కడతారు. ఆ గడువులోపల రానివాడి పేరు పట్టికలోంచి తీసేస్తారు. అప్పటిదాకా తొక్కినదంతా గాలికి పోతుంది. ఇది విని దర్జీ భార్య సూది ఆపింది.

"ఐదు రోజులా? బడి బట్టలు నెత్తిమీదున్నాయి, ఇప్పుడా?"

"డాక్టరుగారు రమ్మన్నారే."

"ఆయనకేం, జనాన్ని నోళ్లు తెరిపించి ఆరు రోజులు పోయొచ్చినా అలాగే తెరుచుకుని ఉంటారు. మన దగ్గరికొచ్చేవాళ్లు తెరిచారంటే మూస్తారా?"

దర్జీ సుద్దముక్కతో బల్ల మీద గీత గీశాడు, తుడిచాడు, మళ్లీ గీశాడు. ఆవిడ ఆ గీత వంక కాసేపు చూసింది.

"వెళ్లండి. కానీ ఏమండీ, ఒక్క మాట. చివరిరోజు అంటించే కాయితం మీద మీ పేరుండాలి. ఉందా, బతికినంతకాలం తొక్కుకోండి, నేను పల్లెత్తు మాటనను. లేదా, ఆ సైకిలు ఆయనకి ఇచ్చేసి రండి. ఆదివారాలు కూడా దుకాణం తెరుద్దాం. సగంలో ఆగిపోయినవాటికి ఈ ఇంట్లో ఇంక చోటు లేదు."

"ఎన్నో స్థానం రావాలి?"

"మిమ్మల్ని గెలవమని నేనెప్పుడన్నా అన్నానా? అంత అత్యాశ నాకెక్కడిది! అట్టడుగునున్నా చాలు. ఉండాలి."

పందేనికి ముందురోజు డాక్టరు తలా ఒక అట్ట ఇచ్చాడు. పది సూత్రాలు, అచ్చువేయించి, చెమటకి తడవకుండా ప్లాస్టిక్కు తొడుగు వేయించి. మొదటి సూత్రం: కెప్టెన్ సమయమే జట్టు సమయం. నాలుగోది: ఫోను బరువు, సైకిలు మీద ఎవరూ తేరాదు. ఏడోది: కెప్టెన్ చక్రంలో గాలి పోతే పక్కనున్నవాడు తన చక్రం విప్పి ఇవ్వాలి. ఈ ఏడోది డాక్టరు సొంత తెలివి కాదు, పందేల్లో నిజంగా ఉన్న ఆచారమే. పెద్ద పెద్ద జట్లలో మొదటి స్థానం కోసం పోటీపడే వీరుడికి ఇలాగే ఇస్తారు. డాక్టరు దాన్ని ఉన్నదున్నట్టు దింపుకున్నాడు, వీరుణ్ణి ఒక్కణ్ణీ మార్చుకుని.

అరవై నాలుగు మంది బయలుదేరారు. మొదటిరోజు ఇరవయ్యో కిలోమీటరు దగ్గర కండలవీరుడికి రెండు పిక్కలూ పట్టేశాయి. ఆయన రోడ్డు పక్క వెల్లకిలా పడుకుని, అద్దాల ముందు అంత ముచ్చటగా పెంచుకున్న కండలు ఇలా మోసం చేస్తాయనుకోలేదని వాపోయాడు. ఆ సాయంత్రమే బస్సెక్కాడు.

రెండోరోజు నీళ్ల గొడవ జరిగింది. జట్టుకి సామాను కారు ఒకటి. దాన్ని నడిపేది డాక్టరు బావమరిది. కారు సైకిళ్ల వెనకే రావాలని నియమం. కానీ అది కొత్త కారు, ఎర్రది, దాని మీద సైకిళ్ల దుమ్ము పడటం బావమరిది చూడలేకపోయాడు. అందుకని ముందుకెళ్లి, చెట్టునీడ ఉన్నచోటల్లా ఆపుకుంటూ పోయాడు. ఎండలో డాక్టరు "నీళ్లు!" అని కేకేసేసరికి దర్జీ వెనక్కి చూశాడు, కారు లేదు. ముందుకు చూస్తే అల్లంత దూరాన ఎర్రగా మెరిసింది. తొక్కుకుంటూ వెళ్లి అందుకున్నాడు. బావమరిది ఆరు సీసాలు అతని వీపు జేబుల్లోనూ చొక్కాలోనూ కుక్కాడు.

"మరి డాక్టరుగారు రాలేదేంటండీ, వెనకే ఉండాలి?"

"బావ ఇప్పుడేగా ముందుకెళ్లాడు! ఆకుపచ్చ చొక్కా, నా కళ్లతో చూశా. నువ్వు సీసాలు సర్దుకుంటూ చూళ్లేదు. పరిగెత్తు!"

దర్జీ ఎవరి మాటనీ ఎప్పుడూ కాదనలేదు. ఆరు సీసాలతో కెప్టెన్ని పట్టుకోవడానికి ప్రాణం పెట్టి తొక్కాడు. ముందున్న గుంపుని అందుకున్నాడు. అందులో ఆకుపచ్చ చొక్కా కనిపించింది గానీ అది గుంపుకి మొదట్లో ఉంది. దాని పక్కకి చేరేసరికి ఊరొచ్చేసింది, గీత దాటేశారు. గీత దాటాక ఆ వీపు మీద కుట్టు కళ్లబడింది. గొలుసుకుట్టు, దారం చవకరకం. తన చేతిది కాదు. ఎవరో ముక్కూముఖం తెలియని కుర్రాడు. దర్జీ ఆ రోజు తొమ్మిదోవాడుగా వచ్చాడు.

తొమ్మిది నిమిషాల తరవాత డాక్టరు వచ్చాడు, నాలుక పిడచకట్టుకుని.

"నీళ్లేవి?"

"ఇవిగోనండీ. ఆరూ ఉన్నాయి."

"ఇప్పుడెందుకు? మొక్కలకి పొయ్యి! ఒక్క పని, ఒక్కటంటే ఒక్క పని చెప్పాను నీకు!"

లెక్కల మాస్టారు కూడా తల అడ్డంగా ఊపాడు. తొమ్మిదో స్థానం గురించి ఎవరూ ఎత్తలేదు. దర్జీ కూడా ఎత్తలేదు. నీళ్లు అందించలేకపోయినందుకు అతనికి నిజంగానే సిగ్గేసింది.

మూడోరోజూ నాలుగోరోజూ అతను డాక్టరు ముందుండి, ఆయనకి ఎదురుగాలి తగలకుండా కాస్తూ, ఆయనతోపాటే వచ్చాడు. నాలుగోరోజు మాస్టారు గుట్ట దగ్గర గుండె వేగం లెక్క ప్రకారమే ఉంచాలని నింపాదిగా ఎక్కి, గడువుకి ఒక నిమిషం ఆలస్యంగా దిగాడు. ఆయన పేరు కొట్టేశారు. లెక్క మాత్రం తప్పలేదని ఆయన ఇప్పటికీ అంటాడు.

ఆ సాయంత్రం లాడ్జి వరండాలో పట్టిక అంటించారు. ముగ్గురూ దాని ముందు నిలబడ్డారు. మాస్టారు వేలు పైనించి కిందికి జారుతూ వచ్చింది. ముప్పై ఒకటో వరుసలో దర్జీ పేరుంది. వేలు ఆ పేరు మీదుగానే జారి ముప్పై ఎనిమిది దగ్గర ఆగింది.

"డాక్టరుగారూ, ముప్పై ఎనిమిది! ముప్పై ఏడో వాడు మనకన్నా నలభై నిమిషాలేం ముందు లేడు, యాభై సెకన్లే. రేపు కొట్టెయ్యొచ్చు."

"కొడదాం" అన్నాడు డాక్టరు, పిడికిలి బిగించి.

దర్జీ గొంతు సవరించుకున్నాడు. "మాస్టారూ, పైన ఆ ముప్పై ఒకటి..."

"ముప్పై ఒకటి మనకి అందదయ్యా. ఆశకి కూడా ఒక హద్దుండాలి."

దర్జీకి ముప్పై ఒకటితో పని లేదు. పేరు కాయితం మీద ఉంది. ఇంకొక్కరోజు ఉంటే చాలు.

చివరిరోజు వంద కిలోమీటర్లు. గెలిచినవాడు రెండు గంటల నలభై నిమిషాల్లో ముగించాడు. అంటే గడువు మూడు గంటల ఇరవై నిమిషాలు. జట్టులో డాక్టరూ దర్జీ ఇద్దరే మిగిలారు. బావమరిదీ మాస్టారూ కారేసుకుని, విడి చక్రాలతో సహా, ముందే గమ్యానికి వెళ్లిపోయారు. కెప్టెన్ గీత దాటే దృశ్యం ఎండ సరిగ్గా పడే కోణంలో వీడియో తియ్యాలి కదా.

ఇంకా ఎనిమిది కిలోమీటర్లుందనగా డాక్టరు వెనక చక్రం బుస్సుమంది. అది మామూలు చక్రం కాదు, కార్బనుది. దూది అంత బరువు, అద్దంలా నునుపు. కొన్న కొత్తలో డాక్టరు దాన్ని పడకగదిలో పెట్టుకున్నాడనీ, కన్నకొడుకుని కూడా ముట్టుకోనివ్వలేదనీ చెప్పుకునేవాళ్లు.

డాక్టరు దిగి, ముందుకు చూశాడు, వెనక్కి చూశాడు. ఎర్ర కారు ఎక్కడా లేదు. దర్జీ వైపు తిరిగాడు.

"ఏడోది!"

దర్జీ గడియారం చూసుకున్నాడు. బయలుదేరి రెండు గంటల నలభై ఎనిమిది నిమిషాలైంది. "డాక్టరుగారూ, మరి నాకు గడువు..."

"గడువు నాకూ ఉంది! అందుకేగా తొందర చెయ్యమంటున్నది!"

"అది కాదండీ, పట్టికలో నేను మీకన్నా పైన..."

"పైన కింద తరవాత మాట్లాడుకుందాం, ముందు చక్రం తియ్యవయ్యా బాబూ!"

దర్జీ మనసు ఇంకా నోట్లో మాట వెతుక్కుంటూనే ఉంది. చేతులు మాత్రం అప్పటికే వంగి చక్రం విప్పుతున్నాయి. ఇరవై ఏళ్లుగా అవతలివాడు గట్టిగా అన్న ప్రతిసారీ కుట్లు విప్పిన చేతులవి, వాటికి వేరే పని చాతకాదు. దర్జీది ఆయన పాత సైకిలే కాబట్టి చక్రం ఇందులోంచి అందులోకి చక్కగా కూర్చుంది. డాక్టరు ఎక్కి, పది గజాలు పోయి, వెనక్కి తిరిగి అరిచాడు:

"కారు వస్తుందిలే, అక్కడే నిలబడు! నా చక్రం జాగ్రత్త! గీత పడిందంటే ఊరుకోను!"

మలుపు తిరిగి మాయమయ్యాడు. దర్జీ రోడ్డు పక్కన నిలబడ్డాడు, ఒక చేతిలో సైకిలు, ఒక చేతిలో గాలి లేని చక్రం. కారు రాదని అతనికి తెలుసు. వీడియో తీసేవాడు వీడియో వదిలి ఎందుకు వస్తాడు? నడిస్తే గంటన్నర. నిలబడితే, సైకిలు తిరిగిచ్చేసి, ఆదివారాలు కూడా బొత్తాలు కుట్టుకుంటూ, డాక్టరుగారి ముప్పై ఏడో స్థానం కథ వచ్చే ఏడు దాకా వినొచ్చు.

అతను కార్బను చక్రాన్ని తన సైకిలుకి బిగించాడు. గొలుసు ఎక్కించాడు. ఒక్కసారి చేత్తో నిమిరాడు, మంచి గుడ్డని కత్తిరించబోయే ముందు నిమిరినట్టు. ఎక్కి కూర్చుని తొక్కాడు.

మొదటి కిలోమీటరు చప్పబడ్డ టైరు తపతపమంటూ మోసింది. రెండో కిలోమీటరులో టైరు పక్కకి జారింది. అక్కణ్ణించి రోడ్డుకీ కార్బనుకీ మధ్య ఎవరూ లేరు. ఆ చప్పుడుకి రోడ్డు పక్క ఇళ్లలోంచి జనం బయటికొచ్చారు. ఒకాయన వెంట పరిగెత్తుతూ అరిచాడు:

"ఇదిగో! నీ చక్రంలో గాలి లేదు!"

"తెలుసండీ!"

తరవాతి సందు మొదట్లో ఒకావిడ చేతిలో గిన్నె పట్టుకుని: "గాలి పోయింది నాయనా, చూసుకో!"

"చూశానమ్మా!"

ఆ ఊళ్లో అంతమంది పరోపకారులున్నారని అతనికి అంతవరకూ తెలియదు. ఆరుగురు చెప్పారు. ఆరో వాడికి జవాబిచ్చేందుకు ఊపిరి మిగల్లేదు. ఒళ్లంతా రోడ్డులోని ప్రతి రాయినీ లెక్కపెడుతోంది. తను ఎంతో శ్రద్ధగా మూడుసార్లు మార్చి కుట్టిన స్పాంజి కూడా చేతులెత్తేసింది. వెనకనుంచి చిన్న చిన్న నల్లటి పెచ్చులు రాలుతున్న శబ్దం వస్తోంది. అతను తిరిగి చూడలేదు. మలుపుల దగ్గర కాలు కింద ఆనించి తిరిగాడు, చదునులో మళ్లీ తొక్కాడు.

గీత దగ్గర గడియారం పట్టుకున్న ఉద్యోగి అప్పటికే బల్ల మడిచే ప్రయత్నంలో ఉన్నాడు. దర్జీ గీత దాటేసరికి మూడు గంటల పంతొమ్మిది నిమిషాల ఇరవై సెకన్లు. ఉద్యోగి విసుక్కుంటూ బల్ల మళ్లీ విప్పి, పేరు రాసుకున్నాడు.

అవతల ఎర్ర కారు పక్కన సంబరం సాగుతోంది. యాభై సెకన్లు ముందున్నవాణ్ణి డాక్టరు పట్టుకోలేకపోయాడు. అయినా పట్టికలో ముప్పై ఏడుకి ఎక్కాడు. ఎలాగంటే, ముప్పై ఒకటిలో ఉన్న దర్జీ నలభైకి పడిపోయి దారిచ్చాడు. ఆ లెక్క వెయ్యాలని లెక్కల మాస్టారుకి తోచలేదు. డాక్టరు, మాస్టారు భుజం మీద చెయ్యేసి, వీడియోలో చెబుతున్నాడు, "ఇది నా ఒక్కడి విజయం కాదు, జట్టు విజయం..."

అంతలో ఆయన చూపు దర్జీ సైకిలు మీద పడింది. చక్రం గుండ్రంగా లేదు. అంచంతా ఎలుకలు కొరికిన రొట్టెలా ఉంది.

"ఇది... ఇది నాదేనా?"

"మీదేనండీ."

"నిలబడమన్నానా లేదా? అరిచి మరీ చెప్పాను! వినపళ్లేదా?"

"వినపడిందండీ."

డాక్టరు ఇంకో మాట కోసం ఎదురుచూశాడు. ఆ ఇంకో మాట రాలేదు. ఆయన మెల్లగా రోడ్డు అంచున కూలబడి, రెండు చేతుల్లో ముఖం దాచుకున్నాడు. బావమరిది కెమెరా ఆపడం మర్చిపోయాడు.

దర్జీ మాస్టారు ఫోను అడిగి తీసుకుని, గోడమీద అప్పుడే అంటించిన కాయితాన్ని ఫోటో తీసి ఇంటికి పంపాడు. నిమిషంలో ఫోను మోగింది.

"ఏవండీ, చూశాను. నలభయ్యా?"

"నలభయ్యే."

"మొత్తం ఎంతమంది?"

"నలభై తొమ్మిది మంది మిగిలారు."

"అయితే మీ వెనక ఇంకా తొమ్మిదిమంది ఉన్నారా!" అంది ఆవిడ, నమ్మలేనట్టు. గొంతులో వెక్కిరింత కోసం వెతికినట్టుంది, చేతికి తగల్లేదు. "ఆ వెనకాల ఎవరండీ ఏడుస్తున్నారు?"

"డాక్టరుగారు."

"అయ్యో. ఓడిపోయారా?"

"లేదు. ఒక స్థానం పైకెక్కారు."

"మరి?"

"ఇంటికొచ్చి చెబుతా."

"సరే, రండి. ఆదివారం మీరు వెళ్లిపోతే బడి బట్టలు శనివారమే తెమలాలి. అది గుర్తుంచుకోండి."

ఆవిడ పెట్టేసింది. దర్జీ ఫోను మాస్టారుకి ఇచ్చేసి, కారుకి ఆనించి ఉన్న డాక్టరు సైకిలు దగ్గరికి నడిచి, ఎవర్నీ అడక్కుండా తన చక్రం విప్పుకోవడం మొదలుపెట్టాడు.